నాలుగు వాక్యాల్లో సినిమా తీర్పు: మన డెల్టా పాఠకుల కోసం ఇలా రాయండి

అమలాపురంలోనో పాలకొల్లులోనో కొత్త సినిమా విడుదలైతే, మ్యాట్నీ మొదలయ్యే వేళకే ఊరంతా టాక్ పాకిపోతుంది. మార్నింగ్ షో చూసి బయటికొచ్చినవాళ్ళు టీ కొట్టు దగ్గర చెప్పేది ఒక్క ముక్కే. "బాగుందండీ", "ఫర్లేదండీ", "సెకండాఫ్ పోయిందండీ". ఆ ముక్క చాలు. హీరో ఎవరో, డైరెక్టర్ ఎవరో, ఏ తరహా సినిమానో వినేవాళ్ళకి ముందే తెలుసు కాబట్టి. ఇరాన్ సినిమాకో, జపాన్ సినిమాకో, పేరున్న నటుడు ఒక్కడూ లేని తెలుగు సినిమాకో ఆ వెసులుబాటు లేదు. అక్కడ "బాగుందండీ" అంటే ఎదుటివాళ్ళకి ఏమీ అందదు.

అలాంటి సినిమాల గురించి చిన్న తీర్పులు రాయాలనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో పెట్టినా, శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద అంటించినా, కాలేజీ గోడపత్రికలో రాసినా పద్ధతి ఒకటే. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. మీ మాట నమ్మి ఒక మనిషి రాత్రి అన్నాలయ్యాక రెండు గంటలు కూర్చుంటాడు. ఆ మనిషి ఎవరో మనసులో పెట్టుకుని రాయండి. రిటైరైన మాస్టారా, డిగ్రీ చదివే అమ్మాయా, కువైట్‌లో పనిచేసి వచ్చిన పక్కింటి ఆవిడా? ఒక్కొక్కరికి ఒక్కో సినిమా. ఎవరికోసమో తెలియకుండా రాసిన తీర్పు ఎవరికీ పనికిరాదు.

చూడ్డానికి ముందు

నిడివి సరిచూసుకోండి. విట్టోరియో డి సికా తీసిన "బైసికిల్ థీవ్స్" (1948) 89 నిమిషాలు. యసుజిరో ఓజు "టోక్యో స్టోరీ" (1953) 136 నిమిషాలు. మీకు దొరికిన కాపీ ఇంతకన్నా బాగా పొట్టిగా ఉంటే ఎక్కడో కత్తిరించారన్నమాట, దాని మీద తీర్పు రాయకండి. నాలుగైదు నిమిషాల తేడాకి కంగారు పడక్కర్లేదు. యూరప్ టీవీల కోసం తయారైన పాత డీవీడీలు సెకనుకు 24 ఫ్రేములకి బదులు 25 చొప్పున నడుస్తాయి. అందుకే 136 నిమిషాల సినిమా వాటిలో 130 నిమిషాలకే అయిపోతుంది.

తర్వాత టీవీ సెట్టింగులు. పాత సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, అటూ ఇటూ నల్లటి పట్టీలు మిగులుతాయి. ఆ పట్టీలు బాగాలేవని బొమ్మని సాగదీస్తే మనుషుల మొహాలు అడ్డంగా ఉబ్బిపోతాయి. అలాగే కొత్త టీవీల్లో కదలికల్ని నున్నగా చేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. అది ఆన్‌లో ఉంటే ఏ సినిమా అయినా డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది. వెతికి ఆపేయండి. డబ్బింగ్ వద్దు, అసలు గొంతులు సబ్‌టైటిల్స్‌తో వినండి. ఎవరి రివ్యూలూ ముందు చదవకండి. స్పీడు పెంచి చూడకండి. మధ్యలో కరెంటు పోయి మర్నాటికి వాయిదా పడితే, ఆగినచోటి నుంచి కాకుండా ఓ ఇరవై నిమిషాలు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టండి.

చూస్తున్నప్పుడు

ఒళ్ళో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. అందులో అభిప్రాయాలు రాయొద్దు, కంటికి కనబడింది, చెవికి వినబడింది రాయండి. "ఫొటోగ్రఫీ బాగుంది" అని రాసుకుంటే మర్నాడు పొద్దున్న ఆ మాట మీకే ఏమీ గుర్తుచేయదు. "గచ్చు కడుగుతున్న నీళ్ళలో పైన వెళ్ళే విమానం కనబడింది" అని రాసుకుంటే సినిమా మొత్తం కళ్ళముందుకి వస్తుంది. ఆల్ఫోన్సో కువరోన్ "రోమా" (2018) మొదలయ్యేది ఆ షాట్‌తోనే. ఎక్కడ మీ మనసు పక్కకి పోయిందో కూడా రాసుకోండి, నిమిషంతో సహా. అదే చోట ఇంకో ఇద్దరికి కూడా మనసు పోతే లోపం సినిమాదే అని ధైర్యంగా రాయొచ్చు.

ఆ రాత్రే తీర్పు రాయకండి. మంచి సినిమాల్లో కొన్ని చూసిన వెంటనే చప్పగా అనిపించి, పొద్దున్న లేచేసరికి పట్టుకుంటాయి. కొన్ని చివరి పది నిమిషాల ఏడుపుతో మనల్ని ముంచేసి, తెల్లారేసరికి ఏమీ మిగల్చవు. ఒక్క నిద్ర మధ్యలో ఉంటే ఈ రెండింటికీ తేడా తెలుస్తుంది.

ఇక రాయడం

పైన ఒక లైనులో వివరాలు: పేరు, దర్శకుడు, దేశం, భాష, సంవత్సరం, నిడివి. పాఠకుడు ఏ పేరుతో వెతికితే దొరుకుతుందో ఆ పేరే ఇవ్వండి. ఏ ఓటీటీలో ఉందో రాస్తే ఏ నెలలో చూసి చెబుతున్నారో కూడా రాయండి, హక్కులు చేతులు మారుతూనే ఉంటాయి.

ఆ కింద నాలుగు వాక్యాలు, సాగితే ఐదారు. అంతకన్నా వద్దు. ఒకటి రాసి చూపిస్తాను. అబ్బాస్ కియరొస్తామీ తీసిన "వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్" (ఇరాన్, పర్షియన్, 1987, 83 నిమిషాలు) మీద.

"ఇరాన్ ఉత్తరాన కోకర్ అనే పల్లెలో అహ్మద్ అనే పిల్లాడు పక్కన కూర్చునే నేస్తం నోటుబుక్కు పొరపాటున ఇంటికి తెచ్చేసుకుంటాడు. హోంవర్క్ ఆ పుస్తకంలో లేకపోతే బడి నుంచి తీసేస్తానని మాస్టారు అప్పటికే చెప్పి ఉన్నారు కాబట్టి, ఇల్లు కూడా తెలియని ఆ నేస్తాన్ని వెతుక్కుంటూ పక్క ఊరికి పరిగెడతాడు. పిల్లాడు చెప్పేది ఏ పెద్దవాడూ చివరిదాకా వినడు, ఆ వినకపోవడాన్ని ఎంత ఓపిగ్గా చూపించారంటే, మన ఇళ్ళలో పిల్లలతో మనం మాట్లాడే తీరు గుర్తొచ్చి తల దించుకుంటాం. మధ్యలో తాతగారి కబుర్లు కొంచెం సాగాయి. మూడో తరగతి దాటిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, మాటలు తక్కువ కాబట్టి సబ్‌టైటిల్స్ మీరు చదివి చెప్పినా సరిపోతుంది."

ఇందులో మొదటి రెండు వాక్యాలు కథ. ఎంతవరకు చెప్పాలి? చిక్కు పడేవరకే. విప్పడం మొదలయ్యాక ఒక్క మాట కూడా చెప్పకూడదు. "బైసికిల్ థీవ్స్" గురించి అయితే, రోమ్ నగరంలో గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగానికి సైకిలు కావాలి, భార్య ఇంట్లో దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తే, మొదటి రోజే అది పోతుంది. ఇంతవరకు చెప్పొచ్చు, పేరులోనే ఉంది కదా. తండ్రీకొడుకులు వెతుకుతూ ఎక్కడిదాకా వెళ్తారన్నది మాత్రం చూసేవాళ్ళదే. మన తెలుగు సినిమాల్లో "కేరాఫ్ కంచరపాలెం" (2018) ఇంకా కష్టమైన పరీక్ష. విశాఖలోని ఆ పేటలో, బడి వయసు నుంచి యాభైకి దగ్గరపడిన వయసు దాకా నాలుగు ప్రేమకథలు అని చెప్పి ఆగిపోవాలి. దర్శకుడు వెంకటేష్ మహా ఆ నాలుగింటినీ ఎలా కలిపాడో నోరు జారి చెప్పారంటే సినిమాలో సగం ప్రాణం తీసేసినట్టే.

మూడో వాక్యం అసలైనది. సినిమా ఏం చేస్తుంది, మనకేమవుతుంది అన్నది అందులో ఉండాలి. నాలుగోది లోపం. ఏ లోపమూ లేకుండా తీర్పు రాస్తే నమ్మరు, నమ్మకూడదు కూడా. చివరిది ఎవరు చూడాలి, ఎలా చూడాలి.

"స్లో" అనే మాట

ఈ ఒక్క మాట వల్ల మన దగ్గర ఎన్ని మంచి సినిమాలు చూడకుండా మిగిలిపోయాయో. "అవార్డు సినిమా అండీ, స్లోగా ఉంటది" అనగానే రిమోట్ చేతులు మారిపోతుంది. మీ తీర్పులో ఆ మాట రాయకండి. దానికి బదులు, ఆ నిదానంలో ఏం జరుగుతోందో చెప్పండి.

"టోక్యో స్టోరీ"నే తీసుకుందాం. ఒనొమిచి అనే ఊరి నుంచి ముసలి తల్లిదండ్రులు టోక్యోలో ఉంటున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. కొడుకు డాక్టరు, కూతురిది బ్యూటీపార్లరు, ఇద్దరికీ తీరిక లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అదే ఈ సినిమాలోని బాధ. యుద్ధంలో పోయిన కొడుకు భార్య మాత్రం వాళ్ళకోసం ఉద్యోగానికి సెలవు పెడుతుంది. కెమెరా దాదాపు కదలదు. అరుగు మీద చాప వేసుకుని కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉండిపోయి, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూస్తుంటుంది. ఇదంతా చెప్పాక "స్లో" అనాల్సిన అవసరం ఉందా? పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, డాబా ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు మన డెల్టాలో ఏ ఊళ్ళో లేరు? వాళ్ళకి 1953 నాటి ఈ జపాన్ సినిమా మొన్నటి సంక్రాంతి సెలవుల్లా ఉంటుంది. తీర్పులో నేనైతే ఇంకో మాట కూడా కలుపుతాను: "మొదటి అరగంట ఓపిక పట్టండి, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియడానికి ఆ సమయం పడుతుంది." ఇది పాఠకుడికి పనికొచ్చే మాట.

అలాగే "అద్భుతం", "హృద్యం", "కళాఖండం", "మనసుకు హత్తుకుంటుంది" అనేవి కొట్టేయండి. ఏ సినిమాకైనా అతికే మాట ఏ సినిమా గురించీ చెప్పదు. ఎన్ని అవార్డులొచ్చాయో కూడా అవసరమైతేనే చెప్పండి. కాన్ చిత్రోత్సవంలో పామ్ డోర్ (అక్కడి అత్యున్నత బహుమతి), ఆ తర్వాత 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న కొరియా సినిమా "పారసైట్" (2019) గురించి రాయాల్సొస్తే ఆ రెండూ చెప్పకపోయినా నష్టం లేదు. మేడ మీద వాళ్ళకి పండగలా అనిపించే వాన, కింద సెల్లార్ ఇంట్లో వాళ్ళ కొంప ముంచుతుందని చెప్పండి. వరద అంటే ఏమిటో లంక గ్రామాలవాళ్ళకి వేరే వివరించక్కర్లేదు.

మనవాళ్ళు అడిగే రెండు ప్రశ్నలు

"ఇంట్లో అందరం కలిసి చూడొచ్చాండీ?" ఇది మొదటిది. దీన్ని చిన్నచూపు చూసే విమర్శకులంటే నాకు ఒప్పుదల లేదు. ఒకే టీవీ ఉన్న హాల్లో అత్తగారు, పిల్లలు, అల్లుడు కూర్చునే ఇంట్లో అది చాలా న్యాయమైన ప్రశ్న. దాచకుండా, సాగదీయకుండా జవాబు చెప్పండి.

"రోమా" మీద తీర్పు ఇలా రాస్తాను. "మెక్సికో నగరంలో, 1970 ప్రాంతంలో, ఒక డాక్టరు గారింట్లో పనిచేసే క్లియో అనే అమ్మాయి కథ, ఆ ఇంటి ఆయన ఇల్లు వదిలిపోతుంటాడు, ఇక్కడ క్లియో ఒంటరిగా గర్భంతో మిగులుతుంది. నలుపు తెలుపు బొమ్మ, వెనక సంగీతమే లేదు. వీధి అరుపులు, నీళ్ళ చప్పుడు, కుక్క మొరుగులతోనే ఆ ఇల్లు మన చుట్టూ లేస్తుంది. 'మా ఇంటి మనిషే' అంటూనే టీ తెమ్మని లేపే ప్రేమని ఇంత నిజాయితీగా చూపిన సినిమాలు తక్కువ, అయితే క్లియో మనసులో మాట ఇంకొంచెం వినబడితే బాగుండేది. ఒకచోట మగవాడి నగ్నత్వం ఉంది, కాన్పు సన్నివేశం చాలా కలచివేస్తుంది. పిల్లలతో వద్దు, గర్భిణులు ఇప్పుడే చూడొద్దు."

కోనసీమ నుంచి, నరసాపురం చుట్టుపక్కల నుంచి గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. పరాయి ఇంట్లో పిల్లల్ని తన పిల్లల్లా పెంచి, తన పిల్లల్ని ఫోన్లో చూసుకోవడం ఏమిటో వాళ్ళకి తెలుసు. ఈ సినిమా వాళ్ళ దగ్గరికి చేరాలని నాకు చాలా కోరిక. చేరాలంటే రెండో ప్రశ్నకి జవాబు చెప్పాలి: "ఆ కింద ఇంగ్లీషు చదవగలమా?"

తెలుగు సబ్‌టైటిల్స్ దొరకడం అరుదు. కాబట్టి మాటల బరువు ఎంతో మీ తీర్పులో ఉండి తీరాలి. "రోమా"లో మాటలు తక్కువ, పక్కన ఒకరు చదివి చెబుతుంటే చాలు. అస్ఘర్ ఫర్హాదీ "ఎ సెపరేషన్" (ఇరాన్, 2011, 123 నిమిషాలు) అలా కాదు. దేశం వదిలి వెళ్దామనే భార్య, మతిమరుపు జబ్బు పడిన తండ్రిని వదలనంటున్న భర్త, ఆ తండ్రిని చూసుకోవడానికి పనికొచ్చిన పేదింటి ఆవిడ, వీళ్ళ వాదన కోర్టు దాకా వెళ్తుంది. ఒకరి మాట మీద ఒకరు మాట. సబ్‌టైటిల్ ఒక్కటి తప్పిపోతే ఎవరిది తప్పో తెలియకుండా పోతుంది. "ఇంగ్లీషు వేగంగా చదవగలిగితేనే" అని రాయండి. ఇది సినిమా లోపం కాదు, కానీ పాఠకుడికి ముందే తెలియాలి.

దగ్గరివాళ్ళ సినిమాలు

మన ప్రాంతంలోనే తీసిన స్వతంత్ర సినిమాల దగ్గర చేయి వణుకుతుంది. దర్శకుడు బంధువు కావచ్చు, కెమెరామన్ క్లాస్‌మేట్ కావచ్చు. తెలిసినవాళ్ళయితే ఆ సంగతి మొదటి లైన్లోనే చెప్పేయండి, తర్వాత మొహమాటం లేకుండా రాయండి. బాగాలేకపోతే వెక్కిరించొద్దు. అప్పు చేసి, ఊళ్ళోవాళ్ళని బతిమాలి తీసి ఉంటారు. ఎక్కడ జారిందో చూపించండి. మాటలు తర్వాత స్టూడియోలో అతికించినట్టు వినబడుతున్నాయా, కథ మొదలవడానికే గంట పట్టిందా, నటులు కెమెరా ఉందని మర్చిపోలేకపోయారా. అలాంటి మాట తర్వాతి సినిమాకి వాళ్ళకి ఉపయోగపడుతుంది.

ఇక్కడ మీకున్న బలం బయటి విమర్శకులకి లేదు. బాపు 1967లో "సాక్షి"ని పులిదిండిలో తీసిన రోజుల దగ్గర్నుంచి షూటింగులు చూస్తున్న నేల ఇది. కొబ్బరిచెట్లు, కాలవ, పంటు, లాంచీ కనబడగానే బయటివాళ్ళు "ఎంత అందం" అంటారు. మనకి అది రోజూ చూసే దారి, దానికి మార్కులు వేయకండి. ఆ అందంలో మనుషులు ఏం పని చేస్తున్నారో చూడండి. సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు జులైలో పడతాయి, దాళ్వా (రెండో పంట) కోతలు ఏప్రిల్‌లో వస్తాయి. సంక్రాంతి ముగ్గుల పక్కన పచ్చగా బారెడు ఎదిగిన చేను చూపిస్తే కథకి ఊరు తెలియదని అర్థం. కొబ్బరి దింపు తీసేవాడు చెట్టెక్కే తీరు, రేవులో పంటు కోసం నిలబడే తీరు సరిగ్గా ఉంటే ఆ సంగతి తప్పకుండా రాయండి, ఎవరో శ్రద్ధగా చూశారన్నమాట. యాస సంగతీ అంతే. ప్రతి మాట చివరా "అండి", మధ్యలో నాలుగు "ఆయ్"లు తగిలిస్తే గోదారి యాస అయిపోదు. ఏ మనిషి ఎవరితో "అండి" అంటాడు, ఎవరితో అనడు అన్నదాంట్లో యాస ఉంది. అది పట్టుకున్న సినిమా ఏదైనా ఉంటే గట్టిగా చెప్పండి.

ఇదే కొలత తిరగేసి విదేశీ సినిమాకీ వాడండి. మంచు, కొండలు, పాత చర్చిలు చూసి మనం మురిసిపోతే అక్కడివాళ్ళు మన కొబ్బరితోటలు చూసి మురిసిపోయినట్టే.

స్టార్లు వేయాలా

నా మటుకు నేను వద్దంటాను. రెండు ముప్పావు, మూడుంపావు అంటూ వేసే లెక్క థియేటర్ సినిమాలకి అలవాటైపోయింది, ఈ సినిమాలకి అది అన్యాయం. ఒక కన్నీటి కథకీ ఒక మొండి డాక్యుమెంటరీకీ మూడే ఇస్తే పాఠకుడు ఏది ఎంచుకోవాలి? వాటి బదులు చివర్లో నాలుగు మాటల్లో ఒకటి పెట్టండి: "ఈ వారమే చూడండి", "తీరిక ఉన్నప్పుడు", "ఈ తరహా ఇష్టమైతేనే", "వదిలేయండి". నాలుగోది వాడడానికి భయపడొద్దు. నెలంతా ఒక్కసారి కూడా వాడకపోతే పాఠకులకి మీ మొదటి మాట మీద కూడా నమ్మకం పోతుంది.

పెట్టాక

రాసింది పైకి చదవండి. ఊపిరి ఆగిన చోట వాక్యం విరగ్గొట్టండి. పేర్లు, సంవత్సరం, నిడివి ఇంకోసారి సరిచూసి అప్పుడు పెట్టండి.

మీ మాట మీద చూసినవాళ్ళు "అంత లేదండీ" అంటే వాదనకి దిగకండి, ఏ చోట వదిలేశారో అడగండి. అరగంటకే ఆపేశామని నలుగురు చెబితే, ఆ సినిమా తీర్పు కింద ఒక లైను కలపండి: "మొదట్లో ఓపిక కావాలి." రెండోసారి చూసినప్పుడు మీకే వేరుగా అనిపిస్తే పాతది చెరిపేయకుండా, కొత్త తేదీ వేసి కింద రాయండి. గ్రూపులో పాత పోస్టులు కొట్టుకుపోతాయి కాబట్టి అన్నీ ఒక నోటుబుక్కులో దేశాలవారీగా ఎత్తి రాసి పెట్టుకోండి. వర్షాకాలంలో ఎవరో ఫోన్ చేసి "ఏదైనా మంచిది చెప్పండీ, అమ్మ కూడా చూస్తుంది" అని అడిగితే, అందులోంచి వాళ్ళింటికి సరిపడేది తీసి చదివి వినిపించొచ్చు.